పాత లారీకి ఆటోమేటిక్ గేరుబాక్సు: వేడి లెక్క

కళింగపట్నం నుంచి శ్రీకాకుళం వెళ్ళే రోడ్డు దాదాపు అంతా చదునే. వంశధార సముద్రంలో కలిసే చోట ఇసుక దిబ్బలు, ఆ పైన కొబ్బరి, వరి, మధ్యలో గార అనే ఊరు. ముప్ఫై కిలోమీటర్లకి మించని ఈ దారిలో ఒకసారి టాప్ గేరులో పడ్డ లారీని మళ్ళీ కిందికి దించాల్సిన పని పెద్దగా ఉండదు. పశువులు అడ్డొచ్చినప్పుడో, ఊరి మధ్య సంత తగిలినప్పుడో తప్ప. అదే లారీని విజయనగరం మీదుగా సాలూరు తీసుకెళ్ళి, అక్కణ్ణించి కోరాపుట్ వైపు తూర్పు కనుమలు ఎక్కించి చూడండి. మలుపు మలుపుకీ గేరు మారుతుంది. డ్రైవరు ఎడమ కాలు క్లచ్ మీంచి తియ్యడు. సాలూరు లారీల మీద బతికే పట్టణం. అక్కడి డ్రైవర్లు ఆ ఘాట్‌లో ఏ మలుపులో ఏ గేరు పడాలో నిద్రలో అడిగినా చెప్పగలరు.

పాత లారీకి ఆటోమేటిక్ గేరుబాక్సు పెట్టుకోవాలనుకునేవాళ్ళు ముందుగా కంపెనీ పేర్లు వెతుకుతారు. నా ఉద్దేశంలో ముందు తేల్చుకోవలసింది ఈ రెండు రోడ్లలో మన బండి దేని మీద నడుస్తుందన్నది. ఎందుకంటే ఆటోమేటిక్ గేరుబాక్సు బతుకంతా వేడితోనే ముడిపడి ఉంది. ఎంత వేడి పుడుతుంది, అది ఎక్కడికి పోతుంది అన్న లెక్క తేలితే ఎంపిక సగం అయిపోయినట్టే. బాగుచేసే పనిలో కూడా ఏది ఎందుకు పాడైందో ఆ లెక్కే చెబుతుంది.

ఈ అధ్యాయం కోసం ఒక లారీని ఊహించుకుందాం. 1960ల నాటి టాటా మెర్సిడెస్ బెంజ్ 1210. 1954లో టాటా వాళ్ళ టెల్కో, జర్మనీ డైమ్లర్ బెంజ్ ఒప్పందం కుదుర్చుకుని జంషెడ్‌పూర్‌లో లారీల తయారీ మొదలుపెట్టాయి. 1969లో ఆ ఒప్పందం ముగిసింది, ముందు జాలీ మీద మూడు కొమ్మల చుక్క పోయి టాటా గుర్తు వచ్చింది. 1210 అన్న అంకెలోనే బండి జాతకం ఉంది: లోడుతో కలిపి సుమారు 12 టన్నులు, ఇంజను సుమారు 100 హార్స్‌పవర్. ఆరు సిలిండర్ల డీజిలు. ఐదు గేర్లు, అన్నీ చేత్తో వేసేవే. మన దేశంలో ఆ కాలం లారీలన్నీ అంతే. లేలాండ్ కామెట్ అయినా, ప్రీమియర్ వాళ్ళ ఫార్గో, డాడ్జి అయినా, హిందుస్థాన్ మోటార్స్ బెడ్‌ఫోర్డ్ అయినా. కాబట్టి వీటిలో దేనికి ఆటోమేటిక్ పెట్టినా అది బయటి నుంచి తెచ్చి అతికించే పనే. అలాంటి పని పూనుకునేవాడికి దాని లోపల ఏం జరుగుతుందో తెలిసి ఉండాలి.

చేతి గేరు లారీలో ఇంజనుకీ గేరుబాక్సుకీ మధ్య క్లచ్ ప్లేటు ఉంటుంది. ఆటోమేటిక్‌లో ఆ చోట టార్క్ కన్వర్టర్ ఉంటుంది. గుండ్రటి ఉక్కు డబ్బా, నిండా నూనె. లోపల మూడు రెక్కల చక్రాలు. మొదటిది ఇంజనుతో పాటు తిరిగి నూనెను అంచులవైపు విసురుతుంది. దాన్ని ఇంపెల్లర్ అంటారు. ఎదురుగా ఉన్న టర్బైన్ ఆ నూనె దెబ్బకి తిరుగుతుంది, గేరుబాక్సు లోపలికి వెళ్ళే షాఫ్టు దీనికే బిగించి ఉంటుంది. ఈ రెండే ఉంటే ఇంజను ఇచ్చిన తిప్పుడు బలం అంతే అవతలికి చేరుతుంది, ఒక్క పిసరు కూడా పెరగదు. అసలు తెలివి మూడో చక్రంలో ఉంది. టర్బైన్‌ను కొట్టి తిరిగొచ్చే నూనె ఇంజను తిరిగే దిశకి ఎదురుగా వస్తుంది. ఆ దారిలో స్టేటర్ అనే చిన్న చక్రాన్ని అడ్డం పెట్టి, దాని రెక్కలతో నూనెను మళ్ళించి, ఇంపెల్లర్‌కి వెనకనుంచి తోడుపడేలా చేస్తారు. స్టేటర్ ఒక వన్‌వే క్లచ్ మీద కూర్చుంటుంది. ఎదురు దెబ్బ తగిలితే కదలదు, నూనె దిశ మారి వెనకనుంచి తోస్తే తనూ తిరిగిపోతుంది. దీనివల్ల బండి నిలబడి ఉండి ఇంజను లాగుతున్న క్షణంలో తిప్పుడు బలం దాదాపు రెండింతలవుతుంది. బండి వేగం అందుకునేకొద్దీ ఆ పెంపు తగ్గుతూ, టర్బైన్ వేగం ఇంజను వేగంలో 85–90 శాతానికి చేరేసరికి ఒకటికి వచ్చేస్తుంది.

ఈ పరికరం పుట్టింది లారీ కోసం కాదు, ఓడ కోసం. 1897లో ఇంగ్లండులో పార్సన్స్ తన టర్బీనియా ఓడతో ఆవిరి టర్బైన్ ఎంత వేగంగా పోగలదో లోకానికి చూపించాడు. ఆ తర్వాత ఓ చిక్కు మిగిలింది. టర్బైన్ వేల చుట్లు తిరిగితేనే బాగా పనిచేస్తుంది, నీళ్ళలో ప్రొపెల్లర్ వందల చుట్లలో ఉంటేనే బాగా తోస్తుంది. అంత బలాన్ని మోసే పెద్ద పళ్ళ చక్రాలు కచ్చితంగా కోయడం అప్పటికింకా కష్టం. స్టెటిన్ ఓడల కర్మాగారంలో పనిచేస్తున్న హెర్మన్ ఫాటింగర్ అనే జర్మన్ ఇంజనీరు ద్రవాన్నే మధ్యవర్తిగా పెట్టి, 1905లో పేటెంటు తీసుకున్నాడు. ఓడల్లో కొద్దికాలానికే మంచి పళ్ళ చక్రాలు వచ్చి ఫాటింగర్ పరికరాన్ని తోసేశాయి. అది మాత్రం నేల మీదికొచ్చి రోడ్డు బళ్ళలో, రైళ్ళలో స్థిరపడింది.

రోడ్డు మీద దాన్ని తొలిరోజుల్లో వాడినవాళ్ళలో బ్రిటన్‌లోని లేలాండ్ కంపెనీ ఒకటి. 1930ల మొదట్లో వాళ్ళ టైటాన్ డబుల్ డెక్కర్ బస్సుల్లో కొన్ని లైషోల్మ్–స్మిత్ టార్క్ కన్వర్టర్‌తో వచ్చాయి. ముందు రేడియేటర్ మీద గేర్లు లేని బస్సు అన్న ముద్ర కూడా ఉండేది. అందులో డ్రైవరు బయలుదేరేటప్పుడు కన్వర్టర్‌లో పెట్టి, వేగం వచ్చాక లీవరుతో నేరు పట్టుకి మార్చుకోవాలి. ద్రవం ద్వారా నడిచే స్థితిని అవసరమైనంత సేపే ఉంచి తర్వాత తప్పించాలన్న సంగతి వాళ్ళకి అప్పుడే తెలుసు. సరిగ్గా అదే సంగతి మన ఘాట్ దగ్గర మళ్ళీ ఎదురవుతుంది. మన దేశంలో కూడా ద్రవశక్తినీ యంత్రశక్తినీ కలిపిన ట్రాన్స్‌మిషన్‌ను రైల్వే ఇంజనీరు ఎం.ఎం. సూరి డీజిల్ రైలు ఇంజన్ల కోసం రూపొందించారు. సూరి ట్రాన్స్‌మిషన్ అని ఆయన పేరుతోనే పిలుస్తారు. ఆయన తర్వాత దుర్గాపూర్‌లోని కేంద్ర మెకానికల్ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థకి డైరెక్టరయ్యారు, స్వరాజ్ ట్రాక్టరు అక్కడ పుట్టిందే. శ్రీకాకుళం జిల్లావాళ్ళకి టార్క్ కన్వర్టర్ కొత్త అనుకోనక్కర్లేదు. పర్లాకిమిడి రాజా వారు వేయించిన నౌపడా–గుణుపురం నారోగేజి లైను మీద ఆవిరి ఇంజన్ల తర్వాత నడిచిన చిన్న డీజిల్ ఇంజన్లు హైడ్రాలిక్ ట్రాన్స్‌మిషన్‌వే. బ్రాడ్‌గేజి వేసేదాకా ఆ బళ్ళలో ఎక్కి తిరిగినవాళ్ళంతా ఫాటింగర్ సూత్రం మీద ప్రయాణం చేసినవాళ్ళే.

ఇక వేడి లెక్కకి వద్దాం. కన్వర్టర్‌లో ఇంజను తిరిగినంత వేగంగా టర్బైన్ తిరగదు. ఆ తేడాలో పోయిన శక్తి ఎక్కడికీ మాయం కాదు, నూనెలో వేడిగా దిగుతుంది.

మన లారీ లోడుతో కలిపి 10 టన్నులు ఉందనుకుందాం. ఘాట్ వాలు పదిహేనుకి ఒకటి, అంటే పదిహేను అడుగులు ముందుకి పోతే ఒక అడుగు ఎక్కడం. బరువులో పదిహేనో వంతు, 667 కిలోలు, లారీని వెనక్కి లాగుతుంది. టైర్ల రాపిడి మరో 100 కిలోలు. గంటకి 20 కిలోమీటర్ల వేగంతో ఎక్కాలంటే చక్రాల దగ్గర సుమారు 42 కిలోవాట్లు, అంటే 56 హార్స్‌పవర్ కావాలి. గేర్లలో, వెనక హౌసింగులో ఓ పదో వంతు పోతుంది గనక కన్వర్టర్ బయటికి 46 కిలోవాట్లు ఇవ్వాలి. అలా బరువుగా ఎక్కుతున్నప్పుడు కన్వర్టర్ సామర్థ్యం 80 శాతం ఉంటే ఇంజను దానికి 58 ఇస్తోందన్నమాట. మిగతా పన్నెండు కిలోవాట్లు నూనెలోనే. స్నానాల నీళ్ళు కాచుకునే వెయ్యి వాట్ల ఇమ్మర్షన్ రాడ్లు పన్నెండు తెచ్చి గేరుబాక్సు నూనెలో ముంచి స్విచ్ వేస్తే ఎంతో, అంత. నూనె 15 లీటర్లు ఉంటే, కూలరు లేకపోతే, 80 డిగ్రీల దగ్గరున్న నూనె 150 దాటడానికి మూడు నిమిషాలు కూడా పట్టదు.

అదే లారీ, అదే లోడు, కళింగపట్నం రోడ్డు మీద గంటకి 45 కిలోమీటర్లు పోతుంటే టైర్ల రాపిడికీ గాలికీ కలిపి 18 కిలోవాట్లు చాలు. టర్బైన్ ఇంజను వేగాన్ని దాదాపు అందుకుని ఉంటుంది గనక సామర్థ్యం 95 శాతం దాకా వస్తుంది. నూనెలో దిగే వేడి ఒక్క కిలోవాటు. గాలి తగిలేచోట చిన్న కూలరు పెట్టినా సరిపోతుంది.

ఒకటికి పన్నెండు! రెండు రోడ్ల మధ్య తేడా ఇదీ. అందుకే తీరం మీదే తిరిగే బండికి సరిపోయిన గేరుబాక్సు సాలూరు దాటేసరికి మాడిపోవచ్చు. తప్పు గేరుబాక్సుది కాదు. ఘాట్‌కి పోయే బండికి లాకప్ ఉన్న కన్వర్టర్ కావాలి. వేగం కుదిరాక లోపలి క్లచ్ ఒకటి ఇంపెల్లర్‌నీ టర్బైన్‌నీ కలిపి పట్టేస్తే జారుడు పోతుంది, వేడి ఆగిపోతుంది. ఘాట్ దిగేటప్పుడు లాకప్ విలువ ఇంకా ఎక్కువ. చేతి గేరు లారీని డ్రైవరు కింది గేరులో పెట్టి ఇంజను పట్టు మీద దింపుతాడు. లాకప్ లేని ఆటోమేటిక్‌లో ఆ పట్టు నూనెలో జారిపోతుంది, భారమంతా బ్రేకుల మీద పడుతుంది. 10 టన్నుల బండిని బ్రేకుల మీదే కోరాపుట్ కొండల నుంచి సాలూరు దాకా దింపడం ఎవరూ చెయ్యకూడని పని.

కన్వర్టర్ వెనక గేర్లు ఉంటాయి. చేతి గేరుబాక్సులో లాగ జతలు జతలుగా కాకుండా ఇక్కడ ప్లానెటరీ సెట్లు ఉంటాయి. నడుమ సన్ గేరు, దాని చుట్టూ ఒక క్యారియర్ మీద మూడు నాలుగు ప్లానెట్ గేర్లు, వాటన్నిటినీ చుట్టి లోపలివైపు పళ్ళున్న రింగ్ గేరు. పళ్ళు ఎప్పుడూ ఒకదానిలో ఒకటి పట్టుకునే ఉంటాయి, గేరు మార్చడానికి దేన్నీ పక్కకి జరపక్కర్లేదు. మూడింటిలో ఒకదాన్ని కదలకుండా ఆపితే మిగతా రెండింటి మధ్య ఒక నిష్పత్తి వస్తుంది. రింగ్‌కి 72 పళ్ళు, సన్‌కి 30 పళ్ళు ఉండి, రింగ్‌ను ఆపి సన్‌ను తిప్పితే క్యారియర్ 3.4 రెట్లు నెమ్మదిగా, అంతే రెట్లు బలంగా తిరుగుతుంది. ఏ రెండింటినో కలిపి బిగిస్తే మొత్తం ముద్దగా తిరుగుతుంది, అది నేరు గేరు. ఫోర్డ్ 1908లో తెచ్చిన మోడల్ టీ కారులో ఉన్నది ఈ ప్లానెటరీ సెట్టే, కాలితో తొక్కి రెండు గేర్లు మార్చుకునే ఏర్పాటుతో. ఈ మార్పును డ్రైవరు చెయ్యకుండా నూనె ఒత్తిడే చేసేలా, జనాలు కొనుక్కోగలిగేలా తయారుచేసింది జనరల్ మోటార్స్. 1940 మోడల్ ఓల్డ్స్‌మొబీల్ కారులో వచ్చిన హైడ్రామాటిక్ అది. యుద్ధంలో అమెరికన్ తేలిక ట్యాంకుల్లో కూడా దాన్ని వాడారు. ట్యాంకు మోసిన గేరుబాక్సు లారీని మోయదా అన్న ధైర్యం అక్కడ మొదలైంది.

అమెరికాలో పాత పికప్ లారీలు బాగుచేసేవాళ్ళు, వాళ్ళలో మన తెలుగువాళ్ళూ ఉన్నారు, ఎక్కువగా మాట్లాడుకునే పేర్లు జనరల్ మోటార్స్ టర్బో 400, టర్బో 350, ఫోర్డ్ సీ6, క్రైస్లర్ 727. అన్నీ గట్టివే. అన్నిట్లోనూ మూడే గేర్లు. టర్బో 400లో మొదటి గేరు 2.48. కన్వర్టర్ ఇచ్చే రెండింతలు కలుపుకుంటే కదిలే క్షణంలో సుమారు 5. రెండు టన్నుల చెవర్లే పికప్‌కి అది బ్రహ్మాండంగా సరిపోతుంది. మన 10 టన్నుల లారీకి చేతి గేరుబాక్సులో మొదటి గేరు మామూలుగా ఆరుకీ ఎనిమిదికీ మధ్య ఉంటుంది. అందువల్ల టర్బో 400 పెట్టిన బండి చదును మీద కదులుతుంది, లోడుతో వాలు మీద ఆగి మళ్ళీ కదలమంటే గింజుకుంటుంది. గింజుకునేంత సేపూ కన్వర్టర్‌లో వేడి పుడుతూనే ఉంటుంది. పాత అలిసన్ ఏటీ545లో నాలుగు గేర్లు, మొదటిది 3.45. కన్వర్టర్‌తో కలిపితే దాదాపు 7. ఇది లారీల కోసం, స్కూలు బస్సుల కోసం చేసినదే. కానీ దానికి లాకప్ లేదు. దాని అన్న ఎంటీ643కి లాకప్ ఉంది, మొదటి గేరు 3.58. బరువెక్కువ, పొడవెక్కువ, ఛాసిస్ అడ్డ బద్దీ మార్చాల్సి రావచ్చు. కళింగపట్నం, శ్రీకాకుళం, నరసన్నపేట మధ్యే తిరిగే బండికైతే నేను ఏటీ545 చాలంటాను. సాలూరు దాటే ఆలోచన ఏమాత్రం ఉన్నా ఎంటీ643కి తగ్గకూడదు. కొత్త అలిసన్లు ఇంకా మంచివే, చెన్నై దగ్గర ఆ కంపెనీకి కర్మాగారం కూడా ఉంది. అయితే అవి కంప్యూటరు మీద నడిచేవి. ఇంజనుకి సెన్సార్లే లేని 1960ల బండికి దాన్ని అతికించడం ఇంకో పెద్ద పని.

డీజిలు ఇంజనుకి పెట్రోలు కారు గేరుబాక్సు తగిలించేవాళ్ళు పడే గోతులు రెండున్నాయి. ఆటోమేటిక్ గేరు ఎప్పుడు మారాలన్నది రెండు ఒత్తిళ్ళ తగువు. గవర్నర్ నుంచి వచ్చే ఒత్తిడి బండి వేగంతో పెరుగుతూ పైగేరు వెయ్యమంటుంది. యాక్సిలరేటర్ వైపునుంచి వచ్చే ఒత్తిడి, దానికి తోడు ఒక స్ప్రింగు, ఆగమంటాయి. వాల్వ్ బాడీ అనే అల్యూమినియం దిమ్మలో వేలంత వాల్వు ఈ రెండింటి మధ్య నిలబడి, ఏది గెలిస్తే అటు జరుగుతుంది. కారు గేరుబాక్సులో కాలు పూర్తిగా తొక్కినప్పుడు గేరు మారడానికి పెట్టిన హద్దు 4000 చుట్ల పైన ఉండవచ్చు. మన డీజిలు 3000 దాటదు. ఫలితం, డ్రైవరు ఎంత తొక్కితే గేరు అంత మొండికేస్తుంది, మారనే మారదు. గవర్నర్ బరువులూ స్ప్రింగులూ డీజిలుకి తగ్గట్టు మార్చుకోవాలి. రెండో గొయ్యి వాక్యూమ్‌ది. టర్బో 350, 400 లాంటివి ఇంజను మీద భారం ఎంతో తెలుసుకునేది ఇన్‌టేక్ వాక్యూమ్‌ను బట్టి. డీజిలు ఇంజన్లలో మామూలుగా గాలిని అడ్డుకునే మూత ఉండదు గనక ఆ వాక్యూమ్ ఉండదు. వాక్యూమ్ లేదంటే పూర్తి భారం మీద ఉన్నామని గేరుబాక్సు అనుకుంటుంది, ఎప్పుడూ గట్టిగా, ఆలస్యంగా మారుతుంది. వేరే వాక్యూమ్ పంపు పెట్టి, ఇంజక్షన్ పంపు లీవరుకి ఒక వాల్వు కలిపి సరిచెయ్యాలి. లారీ కోసం చేసిన గేరుబాక్సుల్లో ఇందుకు ఏర్పాట్లు ముందే ఉంటాయి.

మొదలుపెట్టేముందు ఆర్టీఓ ఆఫీసులో అడగండి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చడాన్ని కట్టడి చేస్తుంది. 50 ఏళ్ళు దాటిన బళ్ళకి 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ నిబంధనలు కూడా బండి అసలు రూపంలో ఉండాలనే అంటాయి. పాత గేరుబాక్సును తుక్కుకి అమ్మకుండా గ్రీజు పూసి దాచుకోవడం మంచిది.

సరే, వాడేసిన గేరుబాక్సు ఒకటి షెడ్డులో బల్ల మీదికి వచ్చింది. విప్పకముందే నూనె చెప్పే కబురు వినాలి. మంచి నూనె ఎర్రగా, తేటగా, దాదాపు వాసన లేకుండా ఉంటుంది. మాడినది గోధుమ నల్లగా మారి, ముక్కు దగ్గర పెట్టుకోగానే కాలిన కాగితం కంపు కొడుతుంది. నిజంగా కాలింది కాగితమే. లోపలి క్లచ్ ప్లేట్ల మీద రాపిడి పొర గట్టిపరిచిన కాగితం లాంటి నారతో చేస్తారు. నూనెలో తడిసి, ఉక్కు ప్లేట్ల మధ్య నలిగి, పది టన్నుల బండిని లాగేది ఆ సన్నటి పొర. దాని పట్టు ఒక్క కాగితంలోనే లేదు, నూనెలో కూడా ఉంది. ఒకప్పుడు ఈ నూనెల్లో స్పెర్మ్ తిమింగలం కొవ్వు కలిపేవారు. ప్లేట్లు కుదుపు లేకుండా మెత్తగా పట్టుకునే గుణం అది ఇచ్చేది. 1970ల మొదట్లో అమెరికాలో దాన్ని ఆపేశాక రసాయన పరిశ్రమ ప్రత్యామ్నాయాలు వెతుక్కోవాల్సి వచ్చింది. గేర్లు నున్నగా మారడం కోసం అంత పెద్ద జీవిని చంపుతూ వచ్చారన్నది తలుచుకుంటే బాధగానే ఉంటుంది.

అడుగు పాన్ తియ్యండి. అందులో అయస్కాంతం ఉంటే దాని మీద బూడిద రంగు ముద్ద పేరుకుని ఉంటుంది. వేళ్ళ మధ్య నలిపితే మెత్తగా ఉంటే మామూలు అరుగుదల. గరుకుగా, మెరిసే రేకులు తగిలితే ఏదో గేరో బేరింగో దెబ్బతిన్నది. ఇత్తడి రంగు రేకులు బుష్‌లవి. పాన్‌లో నల్లటి పొడి మందంగా ఉంటే క్లచ్ ప్లేట్లు అయిపోయినట్టే.

విప్పేటప్పుడు ప్రతి క్లచ్ డ్రమ్మునీ విప్పిన వరసలోనే శుభ్రమైన గుడ్డ మీద పేర్చుకుంటూ పోవాలి. ఒక డ్రమ్ము తీసుకుని దగ్గరగా చూద్దాం. పైన పెద్ద స్నాప్ రింగు. దాన్ని స్క్రూడ్రైవరుతో లేపితే ప్రెషర్ ప్లేటు, ఆ కింద ఉక్కు ప్లేటు, రాపిడి ప్లేటు, మళ్ళీ ఉక్కు, మళ్ళీ రాపిడి. ఉక్కు ప్లేటును వెలుగులో తిప్పి చూడండి. మొత్తం ఒకే బూడిద రంగులో ఉంటే వేడి సమంగా పడింది. అక్కడక్కడ నీలం మచ్చలుంటే ఆ చోట్ల ఉక్కు సుమారు 300 డిగ్రీల దాకా పోయొచ్చిందని అర్థం, ఆ మచ్చల చోట ప్లేటు వంగి కూడా ఉంటుంది. అద్దం పలక మీద పెట్టి అంచున ఫీలర్ గేజి దూర్చి చూస్తే తెలిసిపోతుంది. అలాంటిది మళ్ళీ వెయ్యకూడదు. అడుగున పిస్టను, దాని అంచున రబ్బరు సీలు. అసలు దొంగ చాలాసార్లు ఇదే. వేడికి ఎండి గట్టిపడిన సీలు నూనెను పక్కనుంచి కారనిస్తుంది, ఒత్తిడి చాలక ప్లేట్లు జారతాయి, జారితే వేడి, వేడికి సీలు ఇంకా గట్టిపడుతుంది. కాలిన ప్లేట్లు మాత్రం మార్చి సీలు వదిలేస్తే కొత్త ప్లేట్లు కూడా అదే దారిన పోతాయి. గోరుతో నొక్కితే గుంటపడి మళ్ళీ పైకి రావాలి. రాకపోతే అది సీలు కాదు, రింగు. నా మాట వింటే, బాగున్నట్టు కనిపించినా సీళ్ళన్నీ మార్చెయ్యాలి.

కొత్త రాపిడి ప్లేట్లను వేసే ముందు గేరుబాక్సు నూనెలో కనీసం అరగంట నాననివ్వాలి. పొడిగా వేస్తే నూనె చేరేలోపే మొదటి పట్టులో కాగితం మాడుతుంది. పేర్చాక, స్నాప్ రింగు కింద ఎంత సందు మిగిలిందో కొలవాలి. ఆ కొలత ఒక్కో గేరుబాక్సుకి ఒక్కోలా ఉంటుంది, పుస్తకం చూసే వెయ్యాలి. సందు తక్కువైతే ప్లేట్లు వదిలినప్పుడూ రాసుకుంటూ కాలతాయి. ఎక్కువైతే పిస్టను అంతదూరం రావడానికి ఆలస్యమై గేరు దబ్బున పడుతుంది. ఇక గాలి పరీక్ష. డ్రమ్ముకి నూనె వెళ్ళే రంధ్రంలో కంప్రెసర్ గాలి తక్కువ ఒత్తిడితో, 30–40 పౌండ్ల దగ్గర, వదిలితే పిస్టను ఠక్కున లేచి ప్లేట్లను పట్టాలి, గాలి ఆపగానే వెనక్కి పోవాలి. బుస్సుమని గాలి కారుతుంటే సీలు మడతపడింది, మళ్ళీ విప్పాలి. గేరుబాక్సు మొత్తం బిగించి లారీకి ఎక్కించాక ఈ తప్పు కనిపెట్టడమంటే పనంతా మొదటికొచ్చినట్టే.

కన్వర్టర్‌ను మామూలు షెడ్డులో విప్పలేం. వెల్డింగుతో మూసిన డబ్బా అది. కోసి, లోపల చూసి, మళ్ళీ వెల్డింగు చేసి, బ్యాలెన్సు చేసే చోటికి పంపాలి. పాత గేరుబాక్సులో ప్లేట్లు కాలితే ఆ పొడి కన్వర్టర్‌లోనూ, కూలరు గొట్టాల్లోనూ ఇంకా ఉంటుంది. దాన్ని కడగకుండా కొత్త గేరుబాక్సుకి కలిపితే మొదటి కిలోమీటర్లలోనే ఆ మురికి వాల్వ్ బాడీలోకి చేరి, వాల్వులు ఇరుక్కుంటాయి.

ఇంజనుకీ గేరుబాక్సుకీ మధ్య అడాప్టర్ ప్లేటు లేత్ మీద చేయించాలి. విశాఖ ఆటోనగర్‌లో అయినా, విజయవాడ ఆటోనగర్‌లో అయినా మంచి టర్నర్లున్నారు. వాళ్ళకి ఇవ్వాల్సిన మాట ఒక్కటే: క్రాంక్ షాఫ్టు నడిమధ్య, గేరుబాక్సు నడిమధ్య ఒకే గీత మీద ఉండాలి. డయల్ గేజి క్రాంక్‌కి తగిలించి, చుట్టూ తిప్పి చూపించమనండి. మిల్లీమీటరులో కొద్ది భాగం తేడా వచ్చినా పంపు బుష్ అరిగి, ముందు సీలు కారడం మొదలవుతుంది. కన్వర్టర్‌ను గేరుబాక్సులోకి దూర్చేటప్పుడు దాన్ని చేత్తో తిప్పుతూ లోపలికి నొక్కుతుంటే ఒక్కో షాఫ్టు గాడిలో పడ్డప్పుడల్లా ఠక్కుమని కొద్దిగా లోపలికి దిగుతుంది. చివరిగా పంపు గాళ్ళలో పడాలి. ఆఖరి ఠక్కు పడకుండా ఇంజనుకి ఆనించి బోల్టులు బిగిస్తే, బోల్టులే బలవంతంగా నొక్కి పంపును పగలగొడతాయి. గేరుబాక్సు ఇంజనుకి ఆనాక కూడా కన్వర్టర్‌ను చేత్తో కొద్దిగా ముందుకీ వెనక్కీ కదపగలగాలి. కదలకపోతే బోల్టు ముట్టుకోకండి.

సముద్రం పక్కన ఉండేవాళ్ళకి ఇంకో బెడద ఉంది. అల్యూమినియం కేసింగూ ఉక్కు బోల్టులూ ఉప్పు తేమలో కలిసి ఉంటే వాటి మధ్య చిన్న విద్యుత్ ప్రవాహం నడిచి అల్యూమినియాన్ని తినేస్తుంది. మూడేళ్ళ తర్వాత బోల్టు విప్పబోతే మర తెల్లటి పొడిగా రాలి వచ్చేస్తుంది. ప్రతి బోల్టుకీ అంటుకోని పేస్టు రాసి బిగించాలి. గేరుబాక్సు గాలి పీల్చుకునే బ్రీదర్ గొట్టాన్ని ఛాసిస్ పైదాకా, రబ్బరు పైపుతో, ఎత్తుకి తీసుకుపోవాలి. నీళ్ళలో దిగినప్పుడు వేడి గేరుబాక్సు ఒక్కసారి చల్లబడి లోపలికి గాలి పీలుస్తుంది, బ్రీదర్ కిందుంటే నీళ్ళు పీలుస్తుంది. నూనెలో నీళ్ళు కలిస్తే రంగు గులాబీ పాలలా మారుతుంది, రాపిడి కాగితాన్ని ప్లేటుకి అతికించిన జిగురు ఊడిపోతుంది. కూలరును రేడియేటర్ లోపలిది కాకుండా విడిగా, గాలి తగిలేచోట పెట్టుకోమంటాను. ఉప్పు గాలి దాని రేకుల్ని తినేస్తుంది గనక ఏటా మంచినీళ్ళతో కడిగి, చేత్తో నొక్కి చూసుకుంటుండాలి.

డ్రైవరుకి కొన్ని అలవాట్లు మానిపించాలి. ఆటోమేటిక్ లారీ తోస్తే స్టార్టు కాదు. నూనె పంపు ఇంజనుతోనే తిరుగుతుంది, ఇంజను తిరగకపోతే ఒత్తిడి లేదు, క్లచ్‌లు పట్టవు. అదే కారణం వల్ల బండి ఆగిపోతే తాడు కట్టి లాక్కెళ్ళకూడదు. చక్రాలు తిరిగితే గేర్లు తిరుగుతాయి, నూనె మాత్రం చేరదు. ముందు ప్రొపెల్లర్ షాఫ్టు విప్పి లాగాలి. పాత లారీ ఆటోమేటిక్‌లకి చాలావాటిలో పార్క్ ఉండదు. ఘాట్‌లో ఆపితే హ్యాండ్ బ్రేకూ, చక్రం కింద రాయీ ఉండాలి.

మొదటి స్టార్టు తర్వాత బ్రేకు తొక్కి పట్టుకుని గేరు ఒక్కో స్థానానికి మార్చి, అన్ని దారుల్లోకీ నూనె నిండనివ్వాలి. నూనె మట్టం చూడాల్సింది వేడెక్కాక, ఇంజను నడుస్తుండగానే. చల్లగా ఉన్నప్పుడు సరిగ్గా ఉన్న మట్టం వేడికి ఉబ్బి పైకొస్తుంది. ఎక్కువ పోస్తే గేర్లు నూనెను చిలికి నురగ చేస్తాయి, నురగకి ఒత్తిడి నిలవదు. థర్మామీటరు సెన్సారును పాన్‌లో కాకుండా కన్వర్టర్ నుంచి కూలరుకి పోయే గొట్టంలో పెట్టండి. పాన్‌లో చేరేది కూలరు దాటొచ్చిన నూనె, అక్కడ 90 చూపిస్తున్నప్పుడు కన్వర్టర్ గొట్టంలో 130 ఉండవచ్చు. కొన్నాళ్ళపాటు శ్రీకాకుళం, కళింగపట్నం మధ్య ఖాళీగానూ లోడుతోనూ తిప్పి ఆ ముల్లు మామూలుగా ఎక్కడ నిలుస్తుందో డ్యాష్ మీద ఒక గీత గీసుకోవాలి. సాలూరు దాటాక అది 120 దాటితే కింది గేరుకి దించి, కన్వర్టర్ జారుడు తగ్గించి ఎక్కాలి. 140 దగ్గరికొస్తే బండి పక్కకి తీసి, న్యూట్రల్‌లో పెట్టి, ఇంజను ఆపకుండా కొంచెం ఎక్కువ చుట్ల మీద తిరగనివ్వాలి. పంపు తిరిగితేనే నూనె కూలరు దాకా వెళ్తుంది.